మధ్యాహ్నపు మోత

యేసుకుమార్ తన తేనెటీగల పెట్టెలు మా తోటలో దించిన రోజు మా అత్తగారు సాయంత్రం దాకా మంచం దిగలేదు. వరండాలో గోడకి చేరగిలబడి, తోట వైపు మొహం పెట్టి కూర్చుంది. నీటికాసులొచ్చి పద్మావతమ్మగారికి చూపు పోయి అప్పటికి పదకొండేళ్ళు. దీపాలవేళ నేను కాఫీ తెచ్చిస్తే గ్లాసు అందుకుంటూ, "ఎంతమందొచ్చారే పార్వతీ?" అంది, మగపెళ్ళివారి గురించి అడిగినట్టు.

"ఇద్దరే అత్తయ్యా. మొగుడూ పెళ్ళామూ."

"నేనడిగింది వాళ్ళని కాదే," అంది.

ఇది నాలుగేళ్ళ కిందటి మాఘమాసం సంగతి. మాది మైలవరం దగ్గర పల్లె. ఇంటి వెనక ఎకరంన్నర మామిడి, దాన్నానుకుని మూడెకరాలు దోస. ముందటేడు దోస విరగబూసింది కానీ కాయలు వంకర్లు తిరిగి, ఒక పక్క ఉబ్బి ఇంకో పక్క ఎండిపోయి, చివరికి గేదెలకి వెయ్యాల్సొచ్చింది. పువ్వు మీద ఈగ వాలకపోతే పిందె అట్లాగే అవుద్దని ఎవరో చెబితే, మా ఆయన బసవయ్య ఆగిరిపల్లి అవతలికి వెళ్ళి యేసుకుమార్‌ని బతిమాలి పిలుచుకొచ్చాడు. యేసుకుమారూ, ఆయన భార్య జీవరత్నమూ నలభై పెట్టెలు చిన్న లారీలో వేసుకుని, ఎక్కడ పూత ఉంటే అక్కడికి తిరిగేవాళ్ళు. మా తోట చివర, ఇంటికి కనపడనంత దూరంలో టార్పాలిన్ గుడారం వేసుకున్నారు.

దిగిన రోజే ఆయన మా ఆయనతో చెప్పాడు. "బసవయ్యగారూ, నాకు ఒక్కటే సాయం చెయ్యండి. మందు కొట్టాలంటే పొద్దుగూకాక కొట్టండి. పగలు కొట్టక తప్పదంటే ముందురోజు సాయంత్రం ఒక్క ఫోన్ చెయ్యండి. ఈగలన్నీ ఇల్లు చేరాక ద్వారాలకి జాలీ పెట్టేస్తాం. ఒక రోజు లోపలుంటే వాటికేం కాదు."

"ఫోనే కదా," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంటికి ఒక మోత వచ్చి చేరింది. పొద్దున ఎండ ముదిరేకొద్దీ పెరిగి, మధ్యాహ్నానికి గోడలకి పాకినట్టుండి, సాయంత్రానికి సద్దుమణిగేది. రెండో రోజుకి నాకు అలవాటైపోయి వినపడ్డం మానేసింది. అత్తయ్య మాత్రం రోజంతా దాంతోనే ఉండేది. మామిడి మీద ఉన్నప్పుడు ఒక రకంగా, దోస మీద ఉన్నప్పుడు ఒక రకంగా మోగుతాయనేది. "దోస పూత పడిందే, వెళ్ళి చూడు," అని ఒక పొద్దున నన్ను పంపింది. వెళ్తే నిజంగానే పాదుల్లో మొదటి పసుపు పూలు.

జీవరత్నం నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. మాట మెత్తన, పని గట్టి. ఒక రోజు నేను బోరు తొట్టి దగ్గర మందు డ్రమ్ము కడుగుతున్నాను. కలుపు తీసే ఆడవాళ్ళు నలుగురు అక్కడే నీళ్ళు తాగుతున్నారు. జీవరత్నం గబగబా వచ్చింది.

"అమ్మగారూ, ఆ డ్రమ్ము ఇక్కడ కడక్కండి. ఈగలు ఈ తొట్టి నీళ్ళే తాగుతాయి."

ఆ మాటలో తప్పేమీ లేదు. గట్టిగా కూడా అనలేదు. కానీ నా పొలంలో, నా బోరు దగ్గర, కూలీల ముందు ఆవిడ నాకు చెప్పింది. వాళ్ళల్లో అమలమ్మ తల పక్కకి తిప్పుకుని నవ్వింది. ఎవరు ఎవరికి చెప్పొచ్చో, ఎవరు చెప్పకూడదో మా ఇళ్ళల్లో పలక పట్టకముందే నేర్పేస్తారు. నేను డ్రమ్ము ఎత్తుకుని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రమే మా ఆయన ఫోన్ చేశాడు. మోటారు సామాను కోసం విజయవాడ గవర్నర్‌పేట వెళ్ళున్నాడు.

"దోసలో తెల్లదోమ ఎక్కువైపోయింది. స్ప్రే కొట్టే చక్రి రేపు పొద్దున తప్ప మళ్ళీ వారం దాకా దొరకడంట. నేను వచ్చేసరికి ఆలస్యమవుద్ది. నా ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తోంది, నువ్వే యేసుకుమార్‌కి ఫోన్ చేసి, రేపు పెట్టెలు మూసుకోమని చెప్పు."

"సరే," అన్నాను.

తర్వాత మా అమ్మాయి శ్రీదుర్గ చేసింది. భవానీపురంలో కొత్తగా అద్దెకి దిగిన ఫ్లాటు గురించి, కిటికీలకి కర్టెన్ల గురించి అరగంట మాట్లాడింది. అది పెట్టేశాక ఫోన్ నా చేతిలోనే ఉంది. యేసుకుమార్ పేరు తెర మీద కనపడుతూనే ఉంది. కాసేపాగి చేద్దాంలే అనుకున్నాను.

మరిచిపోయానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. తొట్టి దగ్గర మాట కూడా గుర్తొచ్చింది. ఒక్క పూటకి ఏమవుద్దిలే అనుకుని దుప్పటి కప్పుకున్నాను.

పొద్దున ఏడున్నరకి చక్రి పంపు మోటారు మోత మొదలైంది. తొమ్మిదింటికి నేను దొడ్లో బట్టలారేస్తున్నాను. తడి చీర మీద టప్పున ఒక ఈగ పడింది. వెల్లకిలా పడి, కాళ్ళు పైకెత్తి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. దులిపేశాను. ఇంకోటి పడింది. తర్వాత రెండు. అవి ఎగరలేక పడుతున్నట్టు లేవు. దారి మరిచిపోయి పడుతున్నట్టున్నాయి. నేల మీద కొన్ని నడుస్తున్నాయి, ఎటు పోవాలో తెలియని వాళ్ళు నడిచినట్టు, గుండ్రంగా.

చేతిలో బట్టలు అక్కడే పడేసి తోట చివరికి పరిగెత్తాను.

పెట్టెల ముందు నేల నల్లగా ఉంది. దగ్గరికి వెళ్తే ఆ నలుపు కదులుతోంది. జీవరత్నం చీపురు పట్టుకుని ఊడుస్తోంది. ఊడ్చి చాటలోకి ఎత్తుతోంది. ఊడ్చిన చోట మళ్ళీ పడుతున్నాయి. ద్వారాల దగ్గర ఇంకో రకం ఘోరం జరుగుతోంది. చేలో నుంచి తిరిగొచ్చిన ఈగల్ని లోపలివి రానివ్వడం లేదు. మందు వాసన పసిగట్టి, రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చేస్తున్నాయి. చచ్చిన ప్రతిదానికీ నాలుక బయటికి వచ్చి ఉంది, సన్నగా, తెగిన దారప్పోగులాగా.

జీవరత్నం ఏడవలేదు. అరవలేదు. ఊడుస్తూనే ఉంది.

రాత్రి విజయవాడలోనే ఆగిపోయిన మా ఆయన కూడా అప్పుడే వచ్చాడు. ఈగల మేతకి చక్కెర కొనడానికి తెల్లవారుజామునే నూజివీడు వెళ్ళిన యేసుకుమార్ పదకొండింటికి వచ్చాడు. బండి స్టాండు కూడా వెయ్యకుండా దిగితే అది పక్కకి ఒరిగిపోయింది.

"ఫోన్ చెయ్యలేదేంటండీ?" అన్నాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు.

"చేశాను," అన్నాను. "కలవలేదు."

"విన్నావుగా," అన్నాడు మా ఆయన. "ఇక్కడ సిగ్నల్ సంగతి నీకు తెలియంది కాదు. నా చేలో మందు కొట్టక ఎన్నాళ్ళు చూస్తా?"

యేసుకుమార్ జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మీరొచ్చి నా ఇల్లు తగలబెట్టినా ఇంతకంటే నయం బసవయ్యగారూ," అన్నాడు. జీవరత్నం నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఆవిడ భయపడుతోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మూడో రోజు వాళ్ళు వెళ్ళిపోయారు. నలభై పెట్టెల్లో నాలుగింట్లో కాసిని మిగిలాయి. చచ్చినవాటిని గొయ్యి తీసి పూడ్చారు. కోళ్ళు తింటే చస్తాయని వారం రోజులు మేం కోళ్ళని గంపల కిందే ఉంచాం.

లారీ వెళ్ళిన పొద్దున అత్తయ్య మంచం మీద నుంచి అడిగింది. "ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు అత్తయ్యా. ఎందుకు?"

"మరి ఇంత నిశ్శబ్దంగా ఉందేంటే?"

నిజంగానే అలాంటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. దోసచేను మొత్తం పసుపు పచ్చగా విచ్చుకుని ఉంది. గాలికి ఆకు కదులుతోంది. కానీ ఒక్క పువ్వు మీదా ఒక్క ప్రాణి లేదు. పెట్టె ఈగలే కాదు, మా చూరుకింద ఎప్పుడూ ఉండే చిన్న ఈగలు, మొగ్గల చుట్టూ తిరిగే సీతాకోకలు, కందిరీగలు, అన్నీ పోయాయి. నేను గట్టు మీద నిలబడి ఒక పువ్వునే అరగంట చూశాను. మామూలుగా మధ్యాహ్నానికి వాడిపోయే ఆడపూలు కొన్ని మర్నాడు పొద్దున కూడా తెరుచుకునే ఉన్నాయి. ఇంకా ఎవరో వస్తారన్నట్టు.

పిందెలు చిటికెన వేలంత అయ్యి పసుపు రంగుకి తిరిగి రాలిపోవడం మొదలెట్టాయి. అప్పుడు మా ఆయన కూలీలని పెట్టాడు. తెల్లవారుజామున మంచులోనే ఎనిమిదిమంది ఆడవాళ్ళం చేలో వంగేవాళ్ళం. మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, దాని పుప్పొడి ఆడపువ్వులో అద్దాలి. ఒక్కో పువ్వుకీ అంతే. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఎప్పుడూ చేలో పాటలూ పరాచికాలూ ఆపని వాళ్ళే. పొగమంచులో అటూ ఇటూ చూస్తే తలలు కనపడక వంగిన వీపులే కనపడేవి.

నాలుగో రోజు అమలమ్మ నడుం పట్టుకుని లేచి నిలబడింది. "అమ్మా, ఇది మనిషి చేసే పని కాదమ్మా. నాకు భయంగా ఉంటంది. రేపట్నించి రాను," అంది. మర్నాడు మిగతావాళ్ళు కూడా రాలేదు. మేం అద్దిన పూలల్లో పదింటికి రెండు నిలిచాయేమో.

ఇంట్లో మోత మొదలైంది ఆ వారంలోనే.

ముందు విన్నది మా ఆయనే. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు. "ఏదో మోగుతోంది," అన్నాడు. నేను విన్నాను. ఉంది. చాలా సన్నగా, ఆగకుండా, ఎక్కడినుంచో తెలియకుండా. మిట్టమధ్యాహ్నం, ఊరంతా అన్నాలు తిని వాలిన వేళ. ఫ్రిజ్ ఆపాం. ఇన్వర్టర్ ఆపాం. మా ఆయన వెళ్ళి మెయిన్ దించేశాడు. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగిపోయాయి. మోత ఆగలేదు. మేం మధ్యగదిలోకి అడుగు పెట్టేసరికి ఆగింది.

"గోడలో పట్టు పెట్టుంటాయి. మన ఈగలు కొన్ని బతికున్నాయి," అన్నాడు మా ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూసి నేను పళ్ళేలు తియ్యడానికి వెళ్ళిపోయాను.

మర్నాడు అదే వేళకి మళ్ళీ మొదలైంది. ఆయన గోడకి చెవి ఆనించి ఒక్కో అడుగూ జరుగుతూ వెళ్ళాడు. అటక ఎక్కి పాత సామానంతా దించాడు. ఒక పక్క పెంకులు తీయించాడు. ఏమీ లేదు. మూడో రోజు గునపం తెచ్చి మధ్యగది గోడలో జానెడు కన్నం పెట్టాడు. దాంట్లో చెయ్యి పెట్టి తడిమి, మట్టి కొట్టుకున్న వేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ చప్పుడంతా అవుతున్నంతసేపూ ఇల్లు నోరు మూసుకుంది. ఆయన గునపం గోడకి ఆనించి బయటికి వెళ్ళిన పది నిమిషాలకి మళ్ళీ సన్నగా మొదలైంది.

ఊళ్ళో పాకిపోయింది. బసవయ్య ఇంట్లో చచ్చిన ఈగలు మోగుతున్నాయంట అని. పాలు పోసే ఆవిడ గేటు దగ్గరే గిన్నె పెట్టి వెళ్ళిపోయేది. చక్రి మా వీధిలోకి రావడం మానేశాడు. మా ఆయన నిద్రపోవడం మానేశాడు. "నేనే చంపాను. నాకే వినపడుతున్నాయి," అన్నాడు ఒక రోజు, మామూలుగా, మజ్జిగ పోసుకుంటూ.

నేనప్పుడు చెప్పాల్సింది. ఆయన పళ్ళెంలో ఊరగాయ వేశాను.

హోళీ పున్నమి వెళ్ళిన మూడో రోజు. కరెంటు లేదు. నేను చేలో నుంచి వస్తుంటే చెప్పు తెగిపోయింది. రెండూ చేతిలో పట్టుకుని వట్టి కాళ్ళతో దొడ్డివైపు నుంచి ఇంట్లోకొచ్చాను. మోత ఉంది. నా అడుగుల చప్పుడు లేదు కాబట్టి ఆగలేదు. మధ్యగది దాటాను. పెరుగుతోంది. వరండా గుమ్మం దగ్గరికి వచ్చాను.

అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది, తోట వైపు మొహం పెట్టి. నోరు మూసే ఉంది. మొహంలో ఏ కదలికా లేదు. మెడ మీద ముడతల చర్మం మాత్రం సన్నగా వణుకుతోంది. ఒక ఊపిరి అయిపోయి ఇంకో ఊపిరి తీసుకునే చోట కూడా ఆ మోత తెగడం లేదు. నేను దగ్గరికెళ్ళి ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. మూతపెట్టిన పెట్టె మీద చెయ్యి వేసినట్టుంది. అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

మోత ఆగిపోయింది. "ఏం చేస్తానే? వింటున్నా."

"ఏం వింటున్నారు?"

"తోటలో మళ్ళీ వచ్చినయ్యిగా. నీకు వినపడట్లా?"

ఎదురుగా తోట ఎండలో కదలకుండా ఉంది. నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఆవిడ చెయ్యి చాచి, నా తల ఎక్కడుందో వెతుక్కుని, జుట్టు మీద పెట్టింది. కాసేపటికి మళ్ళీ మొదలెట్టింది. తను చేస్తున్నట్టు ఆవిడకి తెలియదు.

మా ఆయన చేలో పాదులు పీకేస్తున్నాడు. వెళ్ళి చెప్పాను. ఇంట్లో మోగేది అత్తయ్యేనని. ఆయన చేతిలో తీగ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "అమ్మా?" అన్నాడు.

"ఇంకో సంగతుంది," అన్నాను. "ఆ సాయంత్రం నేను ఫోన్ చెయ్యలేదు."

"కలవలేదన్నావుగా?"

"కలవకపోవడం కాదండీ. చెయ్యలేదు."

"మర్చిపోయావా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఆయన నాకు ఆ దారి వదిలిపెట్టి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"లేదు," అన్నాను. తొట్టి దగ్గర సంగతి చెప్పాను. అది నోటితో చెబుతుంటే ఎంత చిన్నదో.

ఆయన వంగి మళ్ళీ పాదులు పీకడం మొదలెట్టాడు. సాలు చివరిదాకా వెళ్ళాడు. తిరిగొచ్చాడు. "యేసుకుమార్ నన్ను అంత మాటంటుంటే నువ్వు పక్కనే నిలబడ్డావు. నేను గోడ పగలగొడుతుంటే చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చావు," అన్నాడు. గొంతు పెంచలేదు. "వెళ్ళి వాళ్ళకి చెప్పు. నేను రాను."

ఆగిరిపల్లిలో బస్సు దిగి వాళ్ళ ఇల్లెక్కడో అడుగుతూ వెళ్ళాను. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాకిట్లో ఖాళీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. యేసుకుమార్ తాపీ పనికి వెళ్ళాడట. జీవరత్నం నూజివీడులో మామిడి తాండ్ర చేసే చోట పనికి వెళ్తోంది, ఆ రోజు సెలవు. నన్ను చూసి కుర్చీ వేసింది. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, నాకివ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆగింది. అందుకుని మొత్తం తాగాను.

"జీవరత్నం, నేను ఆ రోజు ఫోన్ చెయ్యలేదు. కలవలేదని అబద్ధం చెప్పాను. కావాలనే చెయ్యలేదు."

ఆవిడ గడపలో కూర్చుని కాలి వేళ్ళు చూసుకుంటోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను.

"ఆ పొద్దున నేను మేలుకునే ఉన్నానమ్మగారూ," అంది. "మోటారు మోత విన్నాను. మీ చేలోనే అని అనుమానమొచ్చింది. లేచి జాలీలు పెట్టడానికి పావుగంట పట్టుద్ది. అప్పటికింకా ఎండ వేడెక్కలేదు, ఈగలు ఇంకా బయటికి రాలేదు. ఫోన్ రాలేదుగా, పక్క చేలో అయ్యుంటదిలే అనుకున్నా. ఒళ్ళు నెప్పులుగా ఉంది. మళ్ళీ పడుకున్నా."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఆయనకి చెప్పలేదు," అంది. "తప్పు మీ ఒక్కరిదే అనుకుంటన్నారు ఇన్నాళ్ళూ. నేనూ అంతే."

అప్పుడు అర్థమైంది, పెట్టెల దగ్గర ఆవిడ నా మొహంలోకి అంత భయంగా ఎందుకు చూసిందో. నేను ఫోన్ చేశానని చెప్పినప్పుడు, అది అబద్ధమని ఆవిడకి తెలుసు. ఆ రాత్రంతా ఆయన ఫోన్ ఆవిడ తలగడ దగ్గరే, సిగ్నల్‌తోనే ఉంది. నన్ను నిలదీస్తే తన సంగతీ బయటపడుద్దని నోరు మూసుకుంది.

వచ్చేటప్పుడు, "మీరు ఎప్పుడన్నా మా ఇంటికి రండి," అన్నాను. ఆవిడకి మీరు అనడం అదే మొదటిసారి. ఆవిడ పట్టించుకున్నట్టు లేదు.

ఉగాది వెళ్ళిన వారానికి శ్రీదుర్గ ఫోన్ చేసింది. "అమ్మా, మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర మీటర్ల పెట్టెలో తేనెటీగలు చేరాయి. రేపు కిరసనాయిలు గుడ్డతో తగలబెడతారట."

ఈసారి వెంటనే జీవరత్నానికి చేశాను. మర్నాడు ఆరింటికల్లా ఇద్దరం భవానీపురంలో ఉన్నాం.

మెయిన్ ఆపేశారు. కింద మెట్ల దగ్గరంతా చీకటి. ఆ సిమెంటు గొట్టంలో మోత పై అంతస్తు దాకా ఎక్కుతోంది. గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక్క క్షణం, ఆ చీకట్లో మెట్ల మీద అత్తయ్య కూర్చుని ఉన్నట్టు అనిపించింది. జీవరత్నం నా మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. తలుపుల వెనక జనం ఉన్నారు, గొళ్ళేలు పెట్టుకుని. ఎవరూ బయటికి రాలేదు.

ఆవిడ కొబ్బరి పీచు పొగ వేసి, మీటర్ల పెట్టె తలుపు తీసింది. చేతులకి తొడుగులు లేవు. నాలుగు తెల్లటి పట్టులు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ చాకుతో మెల్లిగా కోసి, తను తెచ్చిన ఖాళీ పెట్టెలోని కొయ్య చట్రానికి ఆనిస్తే నేను నూలు దారంతో కట్టాను. నేను పట్టు మీదికి వంగుతుంటే, "ఊపిరి వాటి మీద వదలకండి. అంతే, ఏం చెయ్యవు," అంది. మూడు కుట్టాయి. ఆ మంట నాకు బాగానే అనిపించింది. రాణీగ ఆ ఖాళీ పెట్టెలోకి దిగాక మిగతావి వరసకట్టి వాటంతటవే లోపలికి నడిచాయి.

మేతకి బయటికి పోయినవి తిరిగొచ్చేదాకా కదలకూడదట. సాయంత్రం దాకా ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం. శ్రీదుర్గ తెచ్చిన పులిహోర తిన్నాం. అప్పుడు చెప్పింది జీవరత్నం. ఈ పెట్టె మీ ఇంట్లోనే ఉంచుకోండి అని. పూత మీద పగలు మందు పడకూడదు. చేను గట్టు మీద బంతి, ఆవాలు చల్లాలి, పూత లేని రోజుల్లో వాటికి తిండి కావాలిగా. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యాలి, లేకపోతే మునిగిపోతాయి. మందు డ్రమ్ము కడిగే చోటు వేరే పెట్టుకోవాలి. ఈసారి ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా మొహంలోకే చూసింది. నేను తలూపాను.

మర్నాడు మామిడి కింద పెట్టె నిలిపాం. కాళ్ళ కింద చీమలెక్కకుండా నీళ్ళ చిప్పలు. అత్తయ్య గోడ పట్టుకుని వరండా చివరిదాకా వచ్చింది. చెవి పెట్టి విన్నది.

"ఎవరివి ఇవి?"

"మనవే అత్తయ్యా."

"కావే," అంది. "ఇవి వేరేవి." తిరిగి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

మేం అనుకున్నట్టు ఆవిడ ఆపలేదు. ఆ వేసవంతా మధ్యాహ్నాలు తోటలో ఒకటి, ఇంట్లో ఒకటి, రెండు మోతలుండేవి. విజయవాడలో డాక్టరుకి చూపిస్తే పెద్దతనమన్నాడు. శ్రావణంలో ఒక రోజు నేను వంటింట్లో ఉండగా ఇంట్లోది ఆగిపోయింది. తోటలోది ఆగలేదు. నేను పొయ్యి కట్టేసి వరండాలోకి వెళ్ళాను. కానీ వెళ్ళకముందే తెలిసింది.

యేసుకుమార్ మళ్ళీ మా తోటకి రాలేదు. జీవరత్నం వస్తుంది, ఏడాదికి రెండుసార్లు. ఇప్పుడు వాళ్ళకి పద్నాలుగు పెట్టెలు, మాకు ఐదు. ఆవిడ ఆయనకి చెప్పిందో లేదో నేను అడగలేదు. ఊళ్ళో పగలు మందు కొట్టేవాళ్ళు తగ్గారు. అందరి ముందూ, ఫోన్ చెయ్యనిది నేనేనని రచ్చబండ దగ్గర చెప్పాను కాబట్టి, నా మీద కోపంతోనో జాలితోనో కొందరు వింటున్నారు.

మా ఆయన ఇప్పుడు పొద్దుగూకాకే పంపు ఎత్తుకుంటాడు. పెట్టెలకి జాలీలు పెట్టడం నా పని. "మూశావా?" అని అడుగుతాడు. "మూశానండీ," అంటాను. అయినా టార్చి తీసుకుని తోటలోకి వెళ్తాడు. ఐదు పెట్టెల దగ్గరా వంగి, ఒక్కో ద్వారం వేలితో తడిమి చూసుకుని, అప్పుడు చేలోకి దిగుతాడు. నాలుగేళ్ళ నుంచి అంతే. నేను గట్టు మీద నిలబడి ఆ టార్చి వెలుగు ఐదోసారి ఆగేదాకా చూస్తాను.